దూదికి తోడు

ఇంట్లో అందరికంటే ముందు పాప లేచింది. చప్పుడు చెయ్యకుండా వెనక వరండాలోకి వెళ్లి, గినీపిగ్‌ల పంజరం ముందు గొంతుక్కూర్చుంది.

చుక్క పడుకునే మూల కాగితం మళ్లీ తడిసి ముద్దయింది. పచ్చగా, జిగురుగా, దగ్గరికి వెళ్లలేనంత కంపు. చుక్క వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఒళ్లంతా ముడుచుకుని కూర్చుంది. వెనక కాళ్ల మధ్య బొచ్చు అట్టకట్టేసింది.

"ఇవాళ కూడానా?" అంది పాప గుసగుసగా.

పాతగుడ్డ గోరువెచ్చని నీళ్లలో ముంచి దాన్ని తుడిచింది. తడికాగితం ఉండచుట్టి చెత్తబుట్ట అడుగున కుక్కింది. కొత్త కాగితం పరిచింది. ఆ తర్వాత రోజూ చేసే దొంగపని మొదలుపెట్టింది. అవతలి మూల దూది వేసిన పెంటికలు నల్లగా, గట్టిగా, చక్కగా ఉన్నాయి. వాటిలో కొన్ని ఏరి, చుక్క మూలలో చల్లింది.

ఇప్పుడు ఎవరొచ్చి చూసినా రెండూ నిక్షేపంగా ఉన్నట్టే.

దూది అక్కది. పేరుకి తగ్గట్టే తెల్లగా ఉంటుంది. దాని జత చచ్చిపోయినప్పుడు అది తిండి మానేసింది. పెంటికలు ఆవగింజలంత అయిపోయాయి. ఆ తర్వాత అవీ లేవు. పశువుల డాక్టరు దాని పొట్ట నొక్కి చూసి, "పేగులు కదలడం మానేశాయి. సిరంజితో పట్టించండి. కానీ ఒంటరిగా ఉంచితే ఏ మందూ పనిచెయ్యదమ్మా. ఇవి తోడు లేకపోతే బెంగతోనే పోతాయి" అన్నాడు.

ఆ సాయంత్రమే అమ్మ షాపు నుంచి చుక్కని తెచ్చింది. గోధుమరంగు ఒళ్లు, నుదుట తెల్లమచ్చ. "కుదరకపోతే వాపసు తీసుకుంటానన్నాడులే" అని కూడా చెప్పింది. చుక్క వస్తూనే దూది పక్కన ఒదిగి కూర్చుని ఎండుగడ్డి నమలడం మొదలుపెట్టింది. దాన్ని చూసి దూదీ మూతి కదిపింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

డాక్టరు ఆవేళ చెప్పినవన్నీ పాప ఒంటబట్టించుకుంది. మెత్తగా పోతుంటే పచ్చి ఆకులు ఆపెయ్యాలి. ఎండుగడ్డే పెట్టాలి. నీళ్లు తాగేలా చూడాలి. అందుకే అమ్మ ఇచ్చే ఆకుల్లో చుక్క వాటా గౌను జేబులో దాచేసి, తర్వాత గోడవతల పారేసేది. డాక్టరుకి చూపిద్దామన్న మాట నోటిదాకా వచ్చేది. 'వాపసు' గుర్తొచ్చి మింగేసేది.

పొద్దున్న టిఫిన్ దగ్గర పాప అక్క పక్కనే కూర్చుంది. ఎప్పుడూ అక్కడే. పాప కబుర్లు చెబుతూ తింటేగాని అక్కకి ముద్ద దిగదు. కిందటేడు పుల్లలా ఉన్న అక్కకి ఇప్పుడు బుగ్గలొచ్చాయి.

"ఒళ్లు చేశావే" అని నాన్న మురిసిపోయాడు. ఆ మాట వింటే పాపకి కడుపు నిండిపోతుంది.

ఆదివారం పొద్దున కాగితం పొడిగా ఉంది. చుక్క మూలలో పెంటికలున్నాయి. పాప ఒకటి తీసి వేళ్లతో నొక్కి చూసింది. గట్టిగా ఉంది. సంతోషం పట్టలేకపోయింది. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించి అక్కని లేపింది. మొదటినుంచీ జరిగిందంతా చెప్పేసింది.

అక్క తిన్నగా వంటింట్లోకి వెళ్లింది.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పంజరం ముందు నిలబడింది. "ఎన్నాళ్ల నుంచి?"

పాప వంగి చుక్క మూలలోని పెంటికలు అరచేతిలోకి ఏరుకుంది.

"నిన్నే. దూదికి అంటుకుంటే ఏం చేసేదానివి?"

"తగ్గిపోయిందమ్మా. చూడు, ఎంత గట్టిగా ఉన్నాయో." పాప అరచెయ్యి చాపింది.

అమ్మ అటు చూడలేదు. "వెళ్లి చేతులు కడుక్కో" అంది.

"ఒకసారి డాక్టరుకి చూపిస్తే సరిపోతుందేమో" అన్నాడు నాన్న.

"దీనికి డాక్టరెందుకండీ? తెచ్చింది దూది కోసం. అదిప్పుడు బాగానే ఉందిగా."

"మళ్లీ బెంగ పెట్టుకుంటేనో?" నాన్న అక్క వైపు చూశాడు.

"పెట్టుకుంటే నాలుగు రోజులు పెట్టుకుంటుంది. తర్వాత అదే అలవాటు పడుతుంది." అమ్మ గొంతులో కోపం కూడా లేదు. "పైగా ఈ దాపరికం ఒకటి. ఇవాళ ఇది దాచింది. రేపు ఇంకేం దాస్తుందో."

"ఇంకెప్పుడూ దాచనమ్మా. దాన్ని పంపెయ్యొద్దు. అన్నీ నేనే చూసుకుంటాను" అంది పాప.

అమ్మ లోపలికి వెళ్లి అట్టపెట్టె తెచ్చి, మూతకి కత్తెరతో కన్నాలు పొడిచింది.

అక్క ఇంట్లోనే ఉండిపోయింది. కారులో పాప పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారి పొడవునా చుక్క లోపల సన్నగా కీచుమంటూనే ఉంది.

షాపువాడు దాన్ని ఎత్తి, వెనక్కి తిప్పి చూశాడు. బొచ్చుమీద పాత మరక ఇంకా పూర్తిగా పోలేదు.

"పారుకుంటోందా? ఇట్లాంటిదాన్ని ఎవరు కొంటారమ్మా?" అంటూ వెనకగదిలోకి తీసుకెళ్లాడు.

"దాన్నేం చేస్తారు?" అని అడిగింది పాప.

అతను బయటికొచ్చి, ఖాళీ పెట్టె పాప చేతికిచ్చి, తర్వాతి మనిషితో మాట్లాడడం మొదలుపెట్టాడు.

తిరిగి కారెక్కాక పాప కళ్లు తుడుచుకుంది. అక్కతో పోట్లాట పెట్టుకోకూడదనుకుంది. మధ్యాహ్నం ఏమీ జరగనట్టే అక్క పక్కన కూర్చుని, ఎప్పటిలాగే కబుర్లు చెబుతూ అన్నం తినాలనుకుంది. ముందు సీట్లో అమ్మ పక్కన కూర్చుని నాన్న కారు స్టార్ట్ చేశాడు.

కారు ఇంటి సందు దాటిపోయి, సొంత చెల్లెలు పోయాక మెతుకు ముట్టని అక్కకి తోడుగా కిందటేడు పాపని తెచ్చుకున్న అనాథాశ్రమం గేటు ముందు ఆగింది.