గాజు మీద గీత

గున్‌వోర్ వదినా, చర్చి మీద కొండ విరిగిపడే సూచన ముందే ఎవరికీ కనబడలేదన్నారు పాస్టర్ గారు. అందుకే ఈ కార్డు రాస్తున్నాను.

శనివారం చర్చిని ఫొటో తీయడానికి మీ తమ్ముడు టోర్గెయిర్ పెద్ద కెమెరాకి వైడ్ లెన్సు బిగించి, నన్ను నల్లగుడ్డ కిందికి పిలిచారు. "చూడవే, కొండంతా పట్టింది!"

"చర్చి అగ్గిపెట్టెంత అయిపోయిందండీ. పైగా బొమ్మ కనబడే మీ వెనక గాజు మీద, కొండ దగ్గర, పొడుగ్గా గీత పడింది."

"గాజు మీది గీత ఫిల్ముకెక్కదే, వెర్రిదానా!"

"అయినా సరే, చర్చి ఒక్కటే పట్టే లెన్సు పెట్టండి."

ఆయన నవ్వి మార్చేశారు. మళ్లీ చూస్తే గీత లేదు. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు నేను జ్వరంతో ఇంట్లో ఉండిపోయాను. ఆరాధనకి వెళ్లిన ఆయన తిరిగి రాలేదు.

ఆయన మార్చింది ముందున్న లెన్సునే, వెనక గాజుని కాదు. గాజు మీది గీతైతే, లెన్సు మార్చగానే ఎలా పోతుంది వదినా? అది కొండ పగులు.

ఈ కార్డు దాచుకోండి. ఎవరికీ చూపించకండి.