ఎర్రచుక్క గిన్నె

పెద్దకోడలు అత్తగారి టానిక్ సీసాలో ఏదో కలుపుతోంది. వంటింట్లోకి వెళ్లబోయిన చిన్నకోడలు కళ్లారా చూసి, వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

ఆ టానిక్ తెచ్చింది తనే. మోకాళ్ల నొప్పులకు మంచిదని ఎవరో చెబితే వెతికి మరీ కొన్నది. అప్పటినుంచీ అత్తగారు కనిపించిన వాళ్లందరికీ, “మా చిన్నది తెచ్చిన మందు. మోకాళ్లు చెప్పిన మాట వింటున్నాయి” అని ఒకటే మురిసిపోతోంది. పెద్దకోడలికి కడుపుమంటగా ఉండదా మరి?

చిన్నకోడలి ఉద్యోగం ల్యాబులో. కొత్త మందులు లివర్‌ను పాడుచేస్తాయేమో తెలుసుకోవడానికి అక్కడ మనిషి లివర్ కణాలను చిన్న చిన్న ఉండలుగా పెంచుతారు. మందులో దోషముంటే, మనిషికంటే ముందు అవి పోతాయి. ఇంటి సీసాలోంచి కాస్త వంపుకుని, దాంతోపాటు అదే టానిక్ సీలు తీయనిది ఒకటి కొని పట్టుకెళ్లింది.

అక్కడొక పద్ధతుంది. ఏ గిన్నెలో ఏది వేశారో పరీక్షించేవాళ్లకు చెప్పరు. ముందే తెలిస్తే కంటికి పక్షపాతం వస్తుందట. అందుకని పక్కసీటు స్నేహితురాలు గిన్నెల్లో మందులు వేసి, ఒకదానికి ఎర్రచుక్క, ఒకదానికి నీలంచుక్క పెట్టి ఇచ్చింది.

కొన్నాళ్లకు ఎర్రచుక్క గిన్నెలో కణాలన్నీ చచ్చిపడున్నాయి. నీలంచుక్కవి నిక్షేపంగా ఉన్నాయి. ఇంక అడగడానికేముంది? దేవుడే చూపించాడనుకుని చిన్నకోడలు నేరుగా ఇంటికొచ్చిపడింది. ఆయన ఏది చూపించినా మనం చూసేది మనకు కావలసిందే కదా.

“అక్కా, అత్తయ్య సీసాలో ఏం కలుపుతున్నావు?”

పెద్దకోడలు అత్తగారి వంక చూసింది.

“ఆవిణ్ణి చూస్తావేం? ఆవిడ నీకేం అపకారం చేసింది? లివర్ కణాలు సాక్ష్యం చెప్పాయిలే.”

“మెల్లిగా అడగవే, పాపం” అంది అత్తగారు, చేతిలో టానిక్ చెంచా అలాగే పట్టుకుని.

అంతలో ఫోన్ మోగింది. స్నేహితురాలు. ఫోన్ అవసరం లేనంత గొంతు ఆ పిల్లది.

“అడక్కుండానే వెళ్లిపోయావేం? ఎర్రచుక్క పెట్టింది నువ్వు కొత్తగా కొన్న సీసాదానికి. ఆ టానిక్ మీ ఇంట్లో ఎవరైనా తాగుతుంటే వెంటనే మాన్పించు తల్లీ.”

చిన్నకోడలు అత్తగారి చేతిలోని చెంచా లాక్కోబోయింది.

అత్తగారు చెంచా ఖాళీ చేసి, పెదవులు తుడుచుకుని అంది: “నీ మందు తాగిన మొదటిరోజే కడుపులో తిప్పిందే, నువ్వు చిన్నబుచ్చుకుంటావని, అది పారబోసి తేనెనీళ్లు పొయ్యమని పెద్దదానికి చెప్పింది నేనే.”