ఆఖరి చుట్టు

అమెరికాలోని మిజూలాలో అడవి మంటలార్పే జట్టుకి ఆ వేసవి ఇంకొక్క మనిషే కావాలి. కెల్సీ, ఆమె భర్త ట్రెంట్, ఇద్దరూ పరీక్షకి వచ్చారు. వీపున ఇరవై కిలోల మూటతో నలభై అయిదు నిమిషాల్లో మైదానం చుట్టూ పన్నెండు చుట్లు నడవాలి. పరుగెత్తకూడదు. ముందు చేరినవాళ్లదే ఉద్యోగం.

కెల్సీకి కాన్పయి అయిదు నెలలు. మూడు నెలలుగా పాపని వీపున కట్టుకుని కొండలెక్కుతూ ఒళ్లు దారికి తెచ్చుకుంది. అయినా ఎనిమిదో చుట్టులోనే నడుం పట్టేసింది. పాలు చేపుకొచ్చి చొక్కా తడిసింది.

"ఇంటికెళ్లి పాపకి పాలివ్వు. ఇక్కడ నేను చూసుకుంటాలే," అన్నాడు ముందు నడుస్తున్న ట్రెంట్.

"నీ నోరు నడిచినట్టు కాళ్లు నడిస్తే చాలు," అంది కెల్సీ రొప్పుతూ.

ఆఖరి చుట్టులో ట్రెంట్ పిక్క పట్టుకుని కూలబడ్డాడు. కెల్సీ ఆగలేదు. నలభై నాలుగో నిమిషంలో గీత దాటింది.

వెనక్కి చూస్తే, అతను కుంటకుండా నడిచి వస్తున్నాడు.

"నా మీద జాలిపడ్డావా?" అని మండిపడింది. "అయితే నాకొద్దీ ఉద్యోగం."

ట్రెంట్ ఆమె వీపు మీది మూట దించాడు.

"జాలి కాదు కెల్సీ. పోయినేడు మంటల మధ్య చిక్కుకున్నప్పటి నుంచి పొగ వాసన వస్తే చాలు, నాకు అడుగు ముందుకి పడటంలేదు. మనింట్లో ఎవరో ఒకరు సంపాదించాలిగా. నువ్వు ఆగిపోతే నేనే వెళ్లాలి. అందుకే నిన్ను రెచ్చగొట్టి, దారంతా నీ అడుగుల చప్పుడే వింటూ నడిచాను."