మిగిలిన ఒక్క మంత్రం

“మళ్లీ తప్పు నాన్నా! నీ మాంత్రికుడికి రోజుకి రెండే మంత్రాలు. రెండూ అయిపోనాయి. ఇంక ఆటలో పడుకుని లేసేదాకా ఏటీ సెయ్యలేడు.”

డయాలసిస్ నుంచి ఆ ఉదయమే నందిగాం తిరిగొచ్చిన మహీధర్, మంచం మీద పాచికలు సర్దుతూ నవ్వాడు. పాచికలేస్తూ మాంత్రికుల కథ నడిపే ఆ ఆట అతను హాస్టల్లో నేర్చుకున్నాడు.

“ముప్పయ్యేళ్లు సైన్సు సెప్పినోడికి మంత్రాలు నేర్పుతన్నావేటిరా?” అన్నాడు తండ్రి జనార్దనరావు. అయినా, లెక్క తప్పని మంత్రం ఆయనకు నచ్చింది.

ఆటలో ఇద్దరి మాంత్రికులూ గాయపడి ఉన్నారు. గాయం మాన్పే మంత్రం మహీధర్ దగ్గర ఒక్కటే మిగిలింది. అది ఒక్కరికే పనిచేస్తుంది.

“నీకే ఏసుకోరా. వచ్చే నెల నా కిడ్నీ నీకు పెట్టేత్తారు. ఆటలో కూడా నువ్వే బతకాల.”

“లేదు నాన్నా, నీకే ఏత్తన్నాను.”

“అదేటిరా?”

“బీరువాలో పుస్తకాల ఎనకాల నువ్వు దాసిన రిపోర్టు సూసినాను. నీ కిడ్నీలూ పాడైపోనాయి.”

రుజువు లేని మాట ఏనాడూ పలకని జనార్దనరావు చూపు తిప్పుకుని అన్నాడు.

“రిపోర్టులు ఒక్కోసారి తప్పవుతాయిరా.”

మహీధర్ పాచికను తండ్రి అరచేతిలో పెట్టాడు.

“అలాగే నాన్నా. ముందు పాచిక ఎయ్యి. నీ గాయం ఎంత మానిందో సూద్దాం.”