నాలుగింటి తిట్లు

"ఏడో నంబరు మంచం రేపు పొద్దున ఇంటికి వెళ్ళిపోవచ్చు. నువ్వే చెప్పెయ్ సిస్టర్," అని డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

లిన్సీ గాల్లో తేలిపోయింది. పాలక్కాడ్‌లో పక్షవాతం వార్డుకి మారి గంట కూడా కాలేదు. మొదటి పనే మంచి కబురు చెప్పడం! పెళ్ళయి పదమూడో రోజు. సెలైన్ బొట్లు పడుతున్నా తాళం వేస్తున్నట్టే ఉంది.

డ్యూటీ దిగిపోతూ పాత నర్సు చెప్పిన ముక్కలు గుర్తు చేసుకుంది. ఏడో నంబరుకి మాట పడిపోయి రెండు నెలలు. ఆస్పత్రి వాళ్ళే పిలిపించిన కళాకారుడొకాయన రోజూ నాలుగింటికి వస్తాడు. మందులతోపాటు అదీ వైద్యమే.

గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. ఏడో నంబరు గది తలుపు తీయబోయి ఆగిపోయింది.

"సిగ్గులేని వెధవా! వేదిక మీద ఒక్క తామరపువ్వు కొయ్యడానికి అరగంటా? వెనకాల నిలబడి ఆ ఒక్క ముక్కే పద్దెనిమిదిసార్లు పాడి నా గొంతు పుండయ్యేది. నీ పువ్వు మాత్రం విచ్చుకుని చచ్చేది కాదు!"

ఇస్త్రీ పంచె, నుదుట చందనం. ఒక పెద్దాయన మంచం పక్కన నిటారుగా నిలబడి అరుస్తున్నాడు. మంచం మీద మరో పెద్దాయన, నడుం దాకా దుప్పటి. పెదవి కదపడం లేదు. చేతులు మాత్రం వణుకుతున్నాయి. వేళ్ళు మెలికలు తిరుగుతున్నాయి. కనుబొమలు ఎగిరెగిరి పడుతున్నాయి.



"ఆశాన్ అని నలుగురూ పిలిస్తే గురువైపోతావురా? నలభై ఏళ్ళ కథకళిలో ఒక్క మాట పలికావా? మాట నాది, పాట నాది. శాలువాలేమో నీకు! పచ్చరంగు పూసుకుని రాజుననుకున్నావేమో. కప్పవి! వానాకాలం కప్పవి!"

మంచం మీదాయన వేళ్ళు ఇంకా జోరుగా కొట్టుకున్నాయి. నిలబడ్డాయన గొంతు ఇంకా లేచింది.

లిన్సీ పెరిగింది కొట్టాయం రబ్బరు తోటల మధ్య. కథకళిని క్యాలెండరు మీద తప్ప చూసింది లేదు. కానీ వణుకుతున్న రోగి చేతుల్ని బోలెడు చూసింది.

"ఆపండి!" అని లోపలికి దూసుకెళ్ళింది. "కళాకారులని పిలిస్తే వచ్చి చేసే నిర్వాకం ఇదా? మాటరాని మనిషిని పట్టుకుని ఇన్ని తిట్లా?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఒక్క మాటా బయటికి రాలేదు.

"ఇంతసేపూ ఆయన్ని దులిపేసిన నోరు, నేనడిగేసరికి పడిపోయిందా? నర్సుకి జవాబు చెబితే పరువు తక్కువా?"

ఆయన గబుక్కున మంచం వైపు చూశాడు. మంచం మీదాయన రెండు వేళ్ళు తలుపు వైపు విసిరాడు.

"పో! బయటికి పో, పిల్లా!" అన్నాడు నిలబడ్డాయన.

చూశావా పొగరు! పాపం, మంచం మీదాయనేమో ఈ దయ్యాన్ని బయటికి పంపమని వేళ్ళతో వేడుకుంటున్నాడు. ఇలాగే సాగితే రక్తపోటు పెరిగి మళ్ళీ పడిపోతాడు. రేపటి ప్రయాణం గంగలో కలుస్తుంది.

లిన్సీ మంచం మీదికి వంగి మెల్లగా చెప్పింది. "తాతగారూ, భయపడకండి. రేపు ఇంటికి వెళ్ళిపోవచ్చని డాక్టరుగారు చెప్పారు."

ఆయన కళ్ళు గుండ్రంగా విప్పారాయి. రెండు అరచేతులూ దగ్గరికి చేరి, వేలు తర్వాత వేలుగా, పువ్వులా విచ్చుకున్నాయి. ఆ పువ్వుని నిలబడ్డాయన వైపు చాపాడు.

"ఇంటికి!" అని అరిచాడు నిలబడ్డాయన. "ఇంటికి... ఇంటికి!" కళ్ళ నిండా నీళ్ళు.

"ఏడుపు చూడు! ఎదుటివాడు బాగుపడుతుంటే అంత కడుపుమంటా?"

లిన్సీ ఆయన రెక్క పట్టుకుని వరండాలోకి నెట్టింది. గడియ వేసేసింది. ఆయన బయటినుంచి కిటికీ అద్దం మీద దబదబా బాదుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు.

"రేపట్నుంచి ఆ మనిషి నీడ కూడా మీ మీద పడదు. నాదీ పూచీ," అంటూ ఏడో నంబరు మాత్రలు మంచం మీదాయన చేతిలో పోసి నీళ్ళ గ్లాసు అందించింది.

ఆయన మాత్రల వంక చూశాడు, కిటికీ వంక చూశాడు, దుప్పటి తన్నేసి లేచి కూర్చుని ఖంగుమన్నాడు: "అమ్మాయీ, మోకాళ్ళ నొప్పికి వాడి మంచమ్మీద నడుం వాలిస్తే నాకు మాత్రలు మింగిస్తావేంటి, నా చేతి ముద్రలు చూస్తేనే మాట పెగిలే నీ పేషెంటుని ముందు లోపలికి పిలువు, రేపు తిట్లు తినడానికి వాళ్ళింటికి ఎన్నింటికి రావాలో అడుగుతాను!"