స్నానానికి వెళ్ళే ఫోను

గావిన్ స్నానానికి వెళ్తూ ఫోను కూడా పట్టుకెళ్ళాడు.

బ్రాన్విన్ బాత్రూము తలుపు దగ్గర నిలబడి చెవి ఒగ్గింది. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. మొగుడి స్నానానికి కాపలా కాసే గతి పట్టిందేమిటా అని తన మీద తనకే చిరాకు వేసింది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

చలికాలం నుంచీ ఇదే వరస. పడుకుంటే దిండు కింద ఫోను, తింటుంటే తొడ కింద ఫోను. తెరిచే నంబరు కూడా మార్చేశాడు. ఇదివరకు దాన్ని ఎక్కడో పారేసి ఇల్లంతా వెతికించే మనిషి.

ఆ చలికాలంలోనే కాపురం దాదాపు కూలిపోయింది. అంతా ఆన్‌లైన్ గుర్రప్పందాల పుణ్యం. చివరికి ఒకరోజు ఇద్దరూ వంటింట్లో చేతులు పట్టుకుని కూర్చుని, ప్రభుత్వం వాళ్ళ నమోదుకి ఫోను చేశారు. అందులో పేరు ఎక్కితే ఇక జన్మలో ఏ పందాల కంపెనీ ఆ మనిషికి ఖాతా తెరవకూడదు. ఫోను పెట్టేశాక ఒక మాట అనుకున్నారు. ఇంకొక్కసారి జరిగితే విడిపోవడమే. ఏడేళ్ళ మేవ్‌కి అమ్మా నాన్నా ఒక ఇంట్లో ఉండరు.

పక్కింటి డాట్‌కి ఈ కథ సగం తెలుసు. మిగతా సగం ఆవిడే అల్లుకుంది. మెల్‌బోర్న్ శివారు ఫ్రాంక్‌స్టన్‌లో ఆ వీధి మొత్తానికి కబుర్లు చేరేది ఆవిడ కంచె మీంచే.

"బాత్రూముకి ఫోను పట్టుకెళ్ళే మగాడికి ఇంకో ఆడదైనా ఉండాలి, లేకపోతే గుర్రమైనా ఉండాలి" అంది డాట్ ఒకనాడు.

"ఆడదైతే నయమే" అంది బ్రాన్విన్.

డాట్ నవ్వి సలహా కూడా పారేసింది. పందాల కంపెనీ పేజీలో వాడి వివరాలు కొట్టి చూస్తే ఖాతా ఉందో లేదో తేలిపోతుందట. కాకపోతే కోడు వాడి ఫోనుకే వస్తుంది కాబట్టి ముందు ఫోను చేజిక్కించుకోవాలట. బ్రాన్విన్ విననట్టే బట్టలు ఆరేసుకుంది.

ఏటా జరిగే పెద్ద గుర్రప్పందెం, మెల్‌బోర్న్ కప్పు రోజు వచ్చింది. ఊరంతా సెలవు. మూడింటికి పరుగు. పొద్దున పడిన వానకి మైదానం మెత్తబడిందని టీవీలో అంటుంటే బ్రాన్విన్ గబగబా వెళ్ళి సౌండు తగ్గించింది. ఆమె అరచేతులు చెమట పట్టాయి. గావిన్ టీవీ వైపు చూడను కూడా లేదు. పెరట్లో వీపు తిప్పి నిలబడి గ్యాసు పొయ్యి మీద సాసేజ్‌లు కాలుస్తున్నాడు.

డాట్ పూల టోపీ నిండా గుర్రాల పేర్ల చీటీలు వేసుకుని వచ్చింది. ఏటా వీధిలో అందరూ తలా రెండు డాలర్లు వేసి తలా ఒక చీటీ తీస్తారు.

"మా ఇంటికి వద్దు డాట్" అన్నాడు గావిన్ తలెత్తకుండా.

"చీటీకే ఇంత భయమైతే ఎలారా నాయనా" అంది డాట్. పోతూ పోతూ బ్రాన్విన్ భుజం తట్టింది. "నీ ఓపికకి దండం పెట్టాలే తల్లీ."

బ్రాన్విన్ ముఖం కందిపోయింది.

రెండున్నర దాటాక పొయ్యిలో గ్యాసు అయిపోయింది. సాసేజ్‌లు సగం పచ్చిగానే ఉన్నాయి. గావిన్ విసుక్కుంటూ ఖాళీ బండ ఊడదీసి, మేవ్‌ని కారెక్కించుకుని, నిండు బండ తేవడానికి పెట్రోలు బంకుకి పోయాడు. ఫోను బల్ల మీద సాసు సీసా పక్కనే ఉండిపోయింది.

బ్రాన్విన్ కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత తీసుకుని బట్టలుతికే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మేవ్ పుట్టినరోజు కొట్టింది. తెరుచుకోలేదు. పెళ్ళిరోజు కొట్టింది. ఊహూ. చలికాలంలో నమోదుకి ఫోను చేసిన తేదీ కొట్టింది. తెరుచుకుంది.

కంపెనీ పేజీ తీసింది. గావిన్ పేరు, పుట్టిన తేదీ, డ్రైవింగ్ లైసెన్సు నంబరు, అన్నీ ఆమెకి నోటికొచ్చు. కోడు వచ్చింది. అదీ కొట్టింది. చక్రం తిరుగుతూనే ఉంది. 'తొందరగా, తొందరగా' అనుకుంది.

అప్పుడొచ్చింది జవాబు. ఈ వ్యక్తి పేరు జీవితకాలానికి నమోదులో ఉంది, ఈ పేరు మీద పందెం తీసుకోము.

బ్రాన్విన్ మళ్ళీ చదివింది. వాషింగ్ మెషీన్‌కి ఆనుకుని నేల మీద కూలబడింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి వెనకాలా తను దొంగలా తిరిగింది?

డాట్ ఇంట్లోంచి ఒక్కసారిగా కేకలు. పరుగు మొదలైంది.

తలుపు తెరుచుకుంది. గావిన్. చేతిలో గ్యాసు బండ. ఆమె చేతిలో ఫోను చూశాడు, తెర మీదున్నదీ చూశాడు. కోపం తెచ్చుకోలేదు. బండ నెమ్మదిగా కింద పెట్టాడు.

"ఇది నువ్వు చూసే రోజు రాకూడదనే దాచుకు తిరిగాను బ్రాన్" అన్నాడు.

ఆమె ఫోను అతని చేతిలో పెట్టింది.

"పద. మేవ్‌కి ఆకలేస్తోందట" అన్నాడు గావిన్. వంటింట్లో అనుకున్న మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఆ చలికాలం వంటింట్లో కూర్చుని నమోదులో పేరు రాయించుకున్నది బ్రాన్విన్. భార్య తన పేరున పందెం కాయకుండా గావిన్ ఆనక తన పేరూ ఎక్కించేశాడు. గావిన్ తన జన్మలో ఒక్క గుర్రం మీద ఒక్క డాలరు కాసి ఎరగడు.