గోళ్లు తీసే రోజు

రక్తం ఎక్కే నాలుగు గంటలూ పిల్లలు కదలకుండా పడుకుంటారు. అందుకని తల్లులు ఆ రోజే గోళ్లు తీస్తారు.

మార్కాపురంలోని ఆ చిన్న ఆసుపత్రిలో తలసేమియా పిల్లలకు ఆరు మంచాలు. మూడు వారాలకోసారి అవే ముఖాలు. నెయిల్ కట్టర్ మాత్రం ఒక్కటే, అర్ధవీడు నుంచి వచ్చే రేణుకది. అది మంచం మంచానికీ తిరిగేది.

రేణుక కూతురు నాగవేణికీ, కంభం నుంచి వచ్చే కుల్సుమ్ కూతురు మిస్బాకూ తొమ్మిదేళ్లు. ఆయాసపడుతుందని బడిలో మిస్బాను ఎవరూ ఆటకు పిలవరు. ఉన్న స్నేహమల్లా నాగవేణి ఒక్కతే.

ఎవరెవరి రక్తమో ఎక్కే పిల్లలు, దాంతోపాటు రోగాలూ రావచ్చు, జాగ్రత్త అని డాక్టరు తల్లులందరికీ చెప్పేవాడు. ఈమధ్య ఆ మాట పట్టుకుని కూర్చున్నది కుల్సుమ్ ఒక్కతే. నాగవేణి పక్క మంచం వదిలి గోడవారకు మార్పించుకుంది. సూది అందరికన్నా చివర పెట్టమని నర్సును బతిమాలింది. సూది తీసిన చోట అద్దిన దూదిని ఎవరినీ ముట్టనివ్వక, తనే డబ్బాలో వేసి చేతులు కడుక్కునేది. ఈమెకు పిచ్చి పట్టిందని మిగతా తల్లులు నవ్వుకున్నారు.

ఆ రోజు రేణుక కట్టర్ పట్టుకుని గోడవారకే వచ్చింది. ముందు మిస్బాకు తీసి, తర్వాత తన పిల్లకు తీస్తానంది. వేలు పట్టుకుందో లేదో, కుల్సుమ్ ఆమె చెయ్యి తోసేసింది.

"ఏంది వదినా, నేను పట్టుకుంటే నీ బిడ్డ కరిగిపోతాదా?"

"ఒకరిది ఒకరికి వాడొద్దని సారు చెప్పలేదా?"

"చెప్పినాడు. మరి ఇన్నాళ్లు మాదే కదా వాడినావు. ఇప్పుడు మురికోళ్లమైనామా?"

కుల్సుమ్ తల ఎత్తలేదు.

"అట్లనే అనుకో."

రేణుక వెళ్లిపోయింది. ఇంకోసారి ఆ పిల్లతో మాట్లాడితే కాళ్లు విరగ్గొడతానని కూతురికి చెప్పింది, అందరికీ వినపడేలా. నాగవేణి అటు తిరిగి పడుకుంది.

సాయంత్రం కంభం బస్సులో మిస్బా అడిగింది.

"అమ్మీ, నాగవేణి ఇంక నాతో మాట్లాడదా?"

"మాట్లాడదు."

"నువ్వు వాళ్లమ్మకు సారీ చెప్తే?"

"చెప్పను."

పిల్ల మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

మిస్బాకు హెచ్ఐవి ఉందన్న రిపోర్టు కుల్సుమ్ చేతికి వచ్చి అప్పటికి నలభై రోజులు.